బాస్టన్ వెస్ట్ ఎండ్‌ను ‘మురికివాడ’ అనవచ్చునా?

ప్రశ్న: బాస్టన్ నగరంలోని వెస్ట్ ఎండ్ చరిత్రను తెలుగులో రాస్తూ రెండు మాటల దగ్గర ఆగిపోయాను. 1950లలో అక్కడి అధికారులు ఆ పేటను ‘స్లమ్’ అన్నారు. నేను ‘మురికివాడ’ అని రాశాను. ‘అర్బన్ రెన్యువల్’కు ‘నగర పునరుద్ధరణ’ అని పెట్టాను. ఇవి సరిపోతాయా? పెద్దలు చెప్పగలరు.

సమాధానం: నిఘంటువుకు సరిపోతాయి గాని ఆ చరిత్రకు సరిపోవండి. ‘వాడ’ మంచి మాట, ‘ఊరూవాడా’ అన్నప్పుడు అందులో ఏ మరకా లేదు. దాని ముందు ‘మురికి’ చేరగానే అక్కడివారి సంగతి వినకముందే తీర్పు వెలువడుతుంది. వెస్ట్ ఎండ్ విషయంలో తగవంతా ఆ తీర్పు గురించే. ఇటలీ నుంచి, పోలండ్ నుంచి వలస వచ్చిన కుటుంబాలు, తూర్పు యూరప్ యూదులు ఇరుకు వీధుల్లోని ఇటుక మేడల్లో తక్కువ అద్దెలకు కాపురమున్న పేట అది. 1949 నాటి గృహనిర్మాణ చట్టం ప్రకారం, ఇటువంటి స్థలాన్ని సేకరించి చదును చేసి అమ్మడంలో నగరానికి వచ్చే నష్టంలో మూడింట రెండు వంతులు సమాఖ్య ప్రభుత్వం భరించేది. ఆ సొమ్ము కావాలంటే ముందుగా పేటకు ఆ ముద్ర పడాలి. కనుక ‘స్లమ్’ అన్నది అక్కడ వర్ణన కన్నా అర్హతాపత్రానికి దగ్గర. 1958లో ఖాళీ చేయించడం మొదలై, సుమారు 2,700 కుటుంబాలు చెదిరిపోయాయి. వాటి స్థానంలో చార్ల్స్ రివర్ పార్క్ పేరుతో సంపన్నుల బహుళ అంతస్తుల భవనాలు లేచాయి. మీరు ఇక్కడే ఉంటే ఈపాటికి ఇంట్లో ఉండేవారు అన్న అర్థం వచ్చే బోర్డు ఒకటి ఆ భవనాల దగ్గర రహదారి పక్కన ఉండేది. పాత కాపురస్థులకు అది ఎలా వినిపించి ఉంటుందో ఊహించండి!

ఇక ‘పునరుద్ధరణ’. గుడికి జీర్ణోద్ధరణ చేశారంటే గుడి నిలిచి ఉందని అర్థం. వెస్ట్ ఎండ్‌లో ఓల్డ్ వెస్ట్ చర్చి, ఓటిస్ గృహం వంటివి కొన్ని తప్ప దాదాపు అంతా నేలమట్టమైంది. 1949 చట్టం నిర్మొహమాటంగా తొలగింపు, పునరభివృద్ధి అనే అన్నది. ‘రెన్యువల్’ 1954 చట్టంతో వచ్చింది. పాత ఇళ్ల మరమ్మతుకూ చోటిచ్చిన ఆ మాట కిందే ఈ కూల్చివేత జరిగింది. తరువాత అదే నగరంలోని స్కాలీ స్క్వేర్ అనే కూడలి ప్రాంతాన్నీ పడగొట్టి గవర్నమెంట్ సెంటర్ అనే ప్రభుత్వ కార్యాలయాల సముదాయం కట్టారు. అందుచేత ‘కూల్చివేత, పునర్నిర్మాణం’ అని రాయడమే నిజాయితీ అని నా అభిప్రాయం.

మరొకరి మాట: ఒప్పుకుంటాను గాని, ‘మురికివాడ’ను పూర్తిగా తీసేస్తే అధికారుల మాటలోని కరకుదనం కూడా పోతుంది కదండీ. అది వారి నోటనే ఉండనివ్వండి.

ప్రశ్న అడిగినవారు: ధన్యవాదాలండీ. కథనంలో అంతటా ‘పేట’ అంటాను. అధికారుల మాట చెప్పేచోట మాత్రం ‘మురికివాడ’ను ఉద్ధరణ చిహ్నాల్లో ఉంచుతాను. ‘రెన్యువల్’ను పథకం పేరుగా అలాగే రాసి, జరిగిన పనిని కూల్చివేత అనే అంటాను.