రేణిగుంటలో రాత్రిపూట పాత కరెంటు ఇంజన్ల ఫొటోలు ఎలా తీయాలి?

మాది తిరుపతి. అరక్కోణం షెడ్డు నుంచి వచ్చే డబ్ల్యూఏఎం-4 ఇంజన్లంటే నాకు ప్రాణం. చిత్తరంజన్‌ రైలింజన్ల కర్మాగారంలో 1970 నుంచి తయారైన ఆ ఇంజన్ల బ్లోయర్ల (చల్లబరిచే ఫ్యాన్ల) హోరు ఇప్పటికీ చెవుల్లోనే ఉంది. అవి పోయాయి. తర్వాత వచ్చిన డబ్ల్యూఏపీ-4ల తయారీ కూడా 2015లోనే ఆగింది. కనీసం వీటినైనా రాత్రి దీపాల వెలుగులో ఫొటో తీసి దాచుకోవాలని ఆశ.

చిక్కంతా హెడ్‌లైటుతోనే. ఆగి ఉన్న ఇంజనుకు కెమెరాలో అపర్చర్ ఎఫ్8, ఐఎస్ఓ 400, షట్టర్ 5 సెకన్లు పెడితే పక్క భాగం రంగు, నంబరు చక్కగా వస్తాయి. ముందు భాగం మాత్రం తెల్లగా వెలిసిపోతోంది. వేర్వేరు ఎక్స్‌పోజర్లు తీసి కలపాలా, లేక పక్కకు జరిగి తీస్తే సరిపోతుందా? లోకో పైలట్ కళ్లకు ఇబ్బంది కాబట్టి ఫ్లాష్ వాడను. ట్రైపాడ్ పెట్టడానికి స్టేషన్‌లోనే అనుమతి ఇస్తారా, గుంతకల్లు రైల్వే డివిజన్ కార్యాలయానికి రాయాలా? తెలిసినవారు దయచేసి చెప్పండి.