వర్టస్ జీటీకి కొత్త టైర్లు: స్పోర్ట్ రకం వెయ్యాలా, మామూలువి చాలా? వానలో పట్టు కావాలి

సాగర్_రోడ్డు:
అందరికీ నమస్తే. బండి ఫోక్స్‌వ్యాగన్ వర్టస్ జీటీ ప్లస్, 1.5 డీఎస్‌జీ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్). నలభై వేల కిలోమీటర్లు దాటింది. బండితో పాటు వచ్చిన టైర్లే ఉన్నాయి, సైజు 205/55 ఆర్16 (వెడల్పు 205 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 55 శాతం, రిమ్ము 16 అంగుళాలు). ముందు రెండూ అయిపోయినట్టే, వెనకవి ఇంకో పది వేలు లాగుతాయేమో.

హైదరాబాదులో రోజూ కోకాపేట నుంచి ఓఆర్‌ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) ఎక్కి ఆఫీసుకి, నెలకోసారి సాగర్ మీదుగా మాచర్ల, వీలైనప్పుడు అక్కణ్ణించి దోర్నాల దారిలో శ్రీశైలం ఘాట్. పొడి రోడ్డు మీద ఏ ఇబ్బందీ లేదు. వాన పడిందంటే మాత్రం టెన్షన్. సిగ్నల్ దగ్గర కాస్త గట్టిగా తొక్కితే ముందు చక్రాలు ఉత్తినే తిరుగుతాయి, డాష్‌బోర్డులో పసుపు లైటు మిణుకుమంటుంది. ఓఆర్‌ఆర్ మీద నీళ్ళు నిలిచిన చోట స్టీరింగ్ ఒక్క క్షణం తేలికైపోయిన సందర్భాలూ ఉన్నాయి.

టైర్ల షాపతను 215/60 వెయ్యమంటున్నాడు, బండి కాస్త ఎత్తు పెరుగుతుంది, గుంతలకి మంచిది, లుక్కు కూడా వస్తుందని. ఆఫీసులో ఫ్రెండు 17 అంగుళాల అల్లాయ్‌లు కొని 225/45 వెయ్యమంటున్నాడు. నాకేమో అసలు స్పోర్ట్ టైర్లు మన రోడ్లకి పనికొస్తాయా, రెండు మారిస్తే సరిపోతుందా నాలుగూ మార్చాలా అన్నదే తేలట్లేదు. బడ్జెట్ నలభై, నలభై అయిదు వేలు. మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4, మిషెలిన్ ప్రైమసీ 4 ఎస్‌టీ, కాంటినెంటల్ యూసీ6, యోకొహామా అడ్వాన్ డీబీ, ఈ నాలుగు పేర్లే ఎక్కడ చూసినా కనిపిస్తున్నాయి. వాడినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

ఆటోనగర్_బాబాయ్:
తమ్ముడూ, ముందు ఆ 215/60 మాట మర్చిపో. లెక్క వేసి చూడు. నీ 205/55 ఆర్16 టైరు మొత్తం ఎత్తు దగ్గర దగ్గర 632 మిల్లీమీటర్లు. 215/60 ఆర్16 వేస్తే 664. అంటే అయిదు శాతం పైన పెరిగింది. స్పీడోమీటరు చూపించేదానికంటే అంత శాతం ఎక్కువ దూరం పోతుంటావు, బండి గేరింగ్ బరువెక్కుతుంది, పికప్ తగ్గుతుంది, స్టీరింగ్ మొత్తం తిప్పినప్పుడో గుంతలో దిగినప్పుడో లోపలి ప్లాస్టిక్‌కి రాసుకునే అవకాశం కూడా ఉంది. షాపులో ఆ సైజు స్టాకుంటే అదే మంచిదంటారు, కొత్తేం కాదు.

17 అంగుళాల 225/45 ఎత్తు లెక్కకి సరిగ్గా కూర్చుంటుంది, 634 వస్తుంది, అందులో తప్పు పట్టేదేం లేదు. కానీ సైడ్‌వాల్, అంటే టైరు పక్క గోడ, పదకొండు మిల్లీమీటర్లు తగ్గిపోతుంది. నువ్వు చెప్పిన దారిలో ఆ పదకొండే రిమ్ముకీ గుంతకీ మధ్య ఉండేది. పైగా అల్లాయ్‌లకే నీ బడ్జెట్ అంతా పోయి టైర్ల దగ్గర చవకవాటికి దిగుతావు, వానలో పట్టు కోసం బయల్దేరినవాడివి చివరికి అందం కొనుక్కొచ్చినట్టవుతుంది. ఇంకోటి, వెడల్పాటి టైరు నీళ్ళ మీద ఇంకా తొందరగా తేలుతుంది, తగ్గదు. చాలామంది దీన్ని తిరగేసి అనుకుంటారు. బండి ఒరిజినల్ సైజు మారిస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్ దగ్గర పేచీ పెట్టడానికి వాళ్ళకి ఒక సాకు దొరుకుతుంది, అదీ గుర్తుపెట్టుకో.

ఒరిజినల్ సైజే ఉంచు. పక్కన 91వీ అని ఉంటుంది చూడు, 91 అంటే ఒక్కో టైరు మోయగలిగేది 615 కిలోలు, వీ అంటే గంటకి 240 దాకా. అంతకి తగ్గకుండా తీసుకో. డబ్ల్యూ వచ్చినా మంచిదే, హెచ్‌కి మాత్రం దిగొద్దు.

నిఖిల్_అపెక్స్:
బాబాయ్ సైజు గురించి చెప్పినదానికి నూటికి నూరు. టైరు రకం సంగతి నేను చెప్తా, ఎందుకంటే ఇక్కడ స్పోర్ట్ టైరు అనగానే అందరూ మూలమలుపులో కేకలు పెట్టడం గురించే ఆలోచిస్తారు. అన్నా, మంచి స్పోర్ట్ టైరుకి డబ్బు పెట్టేది తడి రోడ్డు మీద బ్రేకు కోసం. వాటి రబ్బరులో సిలికా ఎక్కువ, తడిలో రోడ్డుని పట్టుకునేది అదే. చుట్టూతా వెడల్పాటి నిలువు గాడులుంటాయి, నీళ్ళని వెనక్కి తోసెయ్యడానికి. పైలట్ స్పోర్ట్ 4 తడిలో వేసే బ్రేకు మామూలు టైరు అలవాటైనవాడికి మొదట్లో నమ్మబుద్ధి కాదు.

వర్టస్ 1.5 ఇంజన్ 250 ఎన్‌ఎం టార్క్ ఇస్తుంది, అది మొత్తం ముందు రెండు చక్రాల మీదే పడుతుంది, పైగా టర్బో కాబట్టి కింద రెవ్‌లలోనే ఒక్కసారిగా వస్తుంది. మైలేజీ కోసం గట్టి రబ్బరుతో చేసిన టైరు ఆ దెబ్బకి జారకపోతే వింత. అన్న చెప్పే చక్రాలు తిరగడం బండి లోపం కాదు, టైరుదే.

అలాగని అతి కూడా వద్దు. టైరు పక్కన ట్రెడ్‌వేర్ అని ఒక అంకె ఉంటుంది, అది ఎంత పెద్దదైతే టైరు అంత నెమ్మదిగా అరుగుతుంది. 200 ఉన్నవి ట్రాక్ పిచ్చోళ్ళవి, కోయంబత్తూరుకో చెన్నై సర్క్యూట్‌కో ఎత్తుకెళ్ళేవాళ్ళకి బాగుంటాయి, రోజూ ఆఫీసుకి వాడితే ఏడాదిన్నర తిరక్కుండా కరిగిపోతాయి. 300 నుంచి 400 మధ్య ఉన్నవి మనకి సరైనవి, పైలట్ స్పోర్ట్ 4 మీద 320 ఉంటుంది. అయితే ఒక కంపెనీ అంకెని ఇంకో కంపెనీ అంకెతో పోల్చకు, ఎవరి పరీక్ష వాళ్ళే చేసుకుని వేసుకుంటారు.

నా ఓటు పైలట్ స్పోర్ట్ 4. నీ బడ్జెట్ దాటొచ్చు, స్టాక్ కూడా ఎప్పుడూ దొరకదు. 2020 జూన్‌లో కేంద్రం కొత్త టైర్ల దిగుమతికి లైసెన్సు తప్పనిసరి చేసింది, అప్పట్నుంచి బయటి నుంచి రావాల్సిన సైజులు ఒక నెల ఉంటాయి ఇంకో నెల ఉండవు. దొరక్కపోతే కాంటినెంటల్ మ్యాక్స్‌కాంటాక్ట్ అడుగు, యూసీ6 కంటే స్పోర్ట్ వైపు ఉంటుంది.

గుంతల_గోపాలం:
నిఖిల్ గారూ, మీరు చెప్పేదంతా నున్నటి రోడ్డుకి. మాచర్ల వైపు ఒకసారి రాత్రిపూట రండి. నేను స్పోర్ట్ టైర్లే వేసుకున్నా, కంపెనీ పేరు ఎందుకులెండి, ఒక్క గుంతకి సైడ్‌వాల్ మీద నిమ్మకాయంత ఉబ్బు వచ్చింది. షాపుకెళ్తే ఇది తయారీ లోపం కాదు, రోడ్డు దెబ్బ, వారంటీ రాదన్నారు. ఉబ్బు వచ్చిందంటే లోపలి దారాలు తెగినట్టే, దానికి రిపేరు లేదు, ఇంకో వంద కిలోమీటర్లు నడుస్తుందిలే అనుకోకూడదు, ఘాట్‌లో పేలితే అంతే సంగతులు. ఆ ఒక్క టైరూ కొత్తది కొనాల్సి వచ్చింది, జత కలవక ఎడమా కుడీ తేడా వేరే.

అందుకే నేనైతే ప్రైమసీ 4 ఎస్‌టీ లేదా అడ్వాన్ డీబీ అంటా. నిశ్శబ్దం. డీబీ పేరులోనే డెసిబెల్ ఉంది. మన కాంక్రీటు రోడ్ల మీద ఆ తేడా బాగా తెలుస్తుంది, ఇంట్లోవాళ్ళు వెనక సీట్లో నిద్రపోతారు. తడిలో కూడా ఇవేం తీసికట్టు కాదు, బండితో పాటు వచ్చినవాటికంటే ఎంతో మెరుగు. కొన్ని కంపెనీలు కొన్ని మోడళ్ళకి ఉబ్బులూ కోతలూ కూడా కవరయ్యే వారంటీ ఇస్తున్నాయి, కొనేముందు అడిగి బిల్లు మీద రాయించుకోండి.

నిఖిల్_అపెక్స్:
గోపాలం గారూ, ఉబ్బు అన్నిటికీ వస్తుంది, స్పోర్ట్ అయినందుకే వచ్చిందని చెప్పలేం. గాలి తక్కువుండి గుంతలో పడితే ఏ టైరైనా అంతే. కాకపోతే చప్పుడు విషయంలో మీతో ఏకీభవిస్తా, స్పోర్ట్ టైర్లు అరిగేకొద్దీ గుయ్యిమంటాయి.

డల్లాస్_మూర్తి:
మధ్యలో ఒక మాట. ఇక్కడ మేం ఆల్ సీజన్ టైర్లు వాడతాం, మైలేజీకి వారంటీ కూడా ఇస్తారు, యాభై వేల మైళ్ళు అరవై వేల మైళ్ళు అని. అక్కడ అవి దొరకవా? దొరికితే వానకి అవే బెటర్ కదా?

నిఖిల్_అపెక్స్:
మూర్తి గారూ, వాటి అవసరం ఇక్కడ లేదండి. మనం ఇక్కడ మాట్లాడుకునేవన్నీ సమ్మర్ రకమే, ఆ రబ్బరు ఏడు డిగ్రీల కిందికి పోతే గట్టిపడి పట్టు వదిలేస్తుంది, ఆల్ సీజన్ పుట్టింది ఆ చలి కోసం. మన హైదరాబాదులో అంత చలి ఎన్ని రోజులుంటుంది చెప్పండి, డిసెంబరులో నాలుగు తెల్లవారుజాములు. మిగతా కాలమంతా వేడి తడి, వేడి పొడి. వెచ్చటి వానలో సమ్మర్ టైరే బాగా ఆగుతుంది.

సాగర్_రోడ్డు:
థాంక్స్ అందరికీ. సైజు మార్చను, అది ఖాయం. బాబాయ్, రెండా నాలుగా అన్నది చెప్పనేలేదు. షాపతను ముందు రెండూ కొత్తవి వేసి వెనకవి అలాగే ఉంచమంటున్నాడు, ముందు చక్రాలే కదా లాగేవి, బ్రేకు కూడా ముందే ఎక్కువ పడుతుంది కదా అని. వినడానికి సబబుగానే ఉంది.

ఆటోనగర్_బాబాయ్:
వినడానికి సబబే, అందుకే అందరూ అదే చేస్తారు. రెండే కొంటే కొత్తవి వెనక వెయ్యాలి, పాతవి ముందుకి రావాలి. ముందు చక్రాల లాగుడు బండికైనా అంతే, టైర్ల కంపెనీలు చెప్పేదీ అదే. ఎందుకంటే తడిలో ముందు చక్రాలు జారితే బండి తిన్నగా పోతుంది, కాలు తీస్తే మళ్ళీ పట్టు వస్తుంది, నీ చేతికి తెలుస్తుంది కూడా. వెనకవి ముందుగా జారితే తోక తిరుగుతుంది, తిరగడం మొదలయ్యాక మామూలు డ్రైవరు ఏం చేసినా ఆలస్యమే. ఈఎస్‌సీ (బండి జారకుండా చూసే ఎలక్ట్రానిక్ ఏర్పాటు) ఉంది కదా అంటారు, అది బ్రేకుని అటూ ఇటూ పంచగలదు గానీ టైరులో లేని పట్టుని ఎక్కణ్ణించి తెస్తుంది?

ఇప్పుడు నీ సంగతికొద్దాం. నీ బాధంతా ముందు చక్రాలు తడిలో తిరగడం, నీళ్ళలో స్టీరింగ్ తేలిపోవడం. రెండే కొని రూలు ప్రకారం వెనక వేస్తే సగం అరిగిన పాతవే ముందుకొస్తాయి, ఆ బాధ అలాగే ఉంటుంది. కాబట్టి నాలుగూ మార్చు. చట్టం ప్రకారం 1.6 మిల్లీమీటర్ల లోతు గాడి ఉంటే చాలు, కానీ ఆ 1.6 పొడి రోడ్డు మాట. కొత్త టైరుకి ఎనిమిది దాకా ఉంటుంది, మూడుకి దిగాక వానలో నేనైతే నమ్మను. ఓఆర్‌ఆర్ మీద ఇప్పుడు 120 దాకా పోనిస్తున్నారు, ఆ స్పీడులో నీళ్ళు పక్కకి పోవడానికి గాడిలో చోటుండాలి కదా. వెనకవి బాగుంటే షాపువాడు ఎంతో కొంత తిరిగి తీసుకుంటాడు, అడుగు.

ఏ టైరు అంటే, నిఖిల్‌కీ గోపాలానికీ మధ్య. నీ వాడకం ఎనభై శాతం ఓఆర్‌ఆర్, మిగతాది ఊరి రోడ్డు, ఘాట్‌లో నువ్వు రేసులు పెట్టవు. యూసీ6 తడికి చాలా మంచిది, సైడ్‌వాల్ మరీ మెత్తనా కాదు మరీ రాయీ కాదు, దొరుకుతుంది కూడా. స్టీరింగ్ ఇంకాస్త చురుగ్గా కావాలంటే మ్యాక్స్‌కాంటాక్ట్, డబ్బుకి లెక్క లేకపోతే పైలట్ స్పోర్ట్. చప్పుడు లేకపోవడమే ముఖ్యమైతే గోపాలం చెప్పినవి. వ్రెడస్టీన్ అల్ట్రాక్ నీ సైజులో ఉందేమో కూడా కనుక్కో, కంపెనీ మన అపోలోవాళ్ళదే, 2009లో కొన్నారు.

గుంతల_గోపాలం:
బాబాయ్ తీర్పు ఒప్పుకుంటున్నా. ఒక్కటి కలుపుతా. టైరు పక్కన 94 ఎక్స్ఎల్ (ఎక్స్‌ట్రా లోడ్, ఎక్కువ బరువు మోసేది) అని ఉన్నది అంటగడితే తెలిసి తీసుకోండి, 670 కిలోలు మోస్తుంది, ఒళ్ళు గట్టిది, గుంతల్ని ఓర్చుకుంటుంది గానీ నడుముకి తెలుస్తుంది.

సాగర్_రోడ్డు:
సరే, నాలుగూ మారుస్తా. మొదటి మాట మ్యాక్స్‌కాంటాక్ట్, ధర కుదరకపోతే యూసీ6. శనివారం వెళ్తున్నా. షాపులో ఇంకేం చూడాలి?

ఆటోనగర్_బాబాయ్:
తయారీ వారం చూడు. డాట్ అని ఉన్న వరస చివర నాలుగంకెలుంటాయి, మొదటి రెండూ వారం, తర్వాతి రెండూ సంవత్సరం. 1825 అంటే 2025లో పద్దెనిమిదో వారం. ఏడాది లోపువి అడుగు, నాలుగూ ఒకే కాలానివైతే ఇంకా మంచిది. ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించేవి చాలాసార్లు ఈ దగ్గరే తేడా కొడతాయి. నువ్వు చెప్పిన రెండు మోడళ్ళకీ లోపలి వైపు బయటి వైపు వేరు, ఔట్‌సైడ్ అని రాసున్న మొహం నాలుగింటికీ బయటికే కనపడాలి, కుర్రాళ్ళు తొందరలో తిప్పేస్తారు, నువ్వే ఒక చుట్టు తిరిగి చూసుకో. వాల్వులు కొత్తవి వేయించు. బ్యాలెన్సింగ్, అలైన్‌మెంట్ రెండూ చేయించి ప్రింటు తీసుకో.

గాలి విషయంలో షాపతను అలవాటుగా 38, 40 పీఎస్‌ఐ కొట్టి పంపిస్తాడు. పెట్రోలు మూత లోపల గానీ డ్రైవరు తలుపు దగ్గర గానీ స్టిక్కరు ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు అందులో ఉన్నంతే కొట్టించు. నైట్రోజన్‌కి డబ్బులడిగితే వద్దను, మామూలు గాలిలోనే 78 శాతం అదే. గాలి సరిచేశాక బండి స్క్రీన్‌లో టైర్ల మెనూలోకెళ్ళి సెట్ నొక్కడం మర్చిపోకు. నీ బండికి గాలి కొలిచే సెన్సరు టైరులో లేదు, చక్రం తిరిగే వేగాన్ని బట్టి కనిపెడుతుంది, పాత లెక్క తుడిచేస్తే గానీ కొత్త టైర్లని గుర్తుపట్టదు.

నిఖిల్_అపెక్స్:
మొదటి రెండు మూడు వందల కిలోమీటర్లు తొక్కకన్నా. కొత్త టైరు మీద అచ్చులోంచి వచ్చిన జారుడు పూత ఉంటుంది. అది పోయేదాకా శ్రీశైలం పెట్టుకోవద్దు.