పీఎస్5 గేమ్‌ప్లే రికార్డింగ్‌కి 85 వేల పీసీ కట్టించాలా?

నెల్లూరు_కుర్రోడు:
తెలుగు కామెంటరీతో చానల్ పెడదామనుకుంటున్నా. పీఎస్5 గేమ్ కన్సోల్ ఉంది, ఎనిమిదో జనరేషన్ ఐ5 ల్యాప్‌టాప్ ఉంది. షాపాయన ఇది పనికిరాదు, ఆర్‌టీఎక్స్ 4060 గ్రాఫిక్స్ కార్డు వేసి పీసీ కట్టిస్తా, 85 వేలు అన్నాడు. అంత కావాలా అన్నా?

గోదారి_గేమర్:
అస్సలు వద్దు. గేమ్ నడిపేది పీఎస్5, పీసీ పనల్లా వచ్చిన వీడియోని ఫైల్‌లోకి ఎక్కించడమే. ఇంటెల్ చిప్పుల్లో వీడియోని కుదించే క్విక్ సింక్ ఎన్‌కోడర్ 2011 నుంచీ ఉంది, నీ ఐ5 ఓబీఎస్ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లో 1080పీ వీడియో సెకనుకి 60 ఫ్రేములతో హాయిగా లాగేస్తుంది. పదిహేను వందలకి పీఎస్5 వీడియోని ల్యాప్‌టాప్‌లోకి తెచ్చే యూఎస్‌బీ క్యాప్చర్ స్టిక్ దొరుకుతుంది, దాంతో మొదలుపెట్టు, అదీ వద్దనుకుంటే కంట్రోలర్ మీద క్రియేట్ బటన్ ఉంది కదా, గంట వరకూ పీఎస్5 తనే రికార్డ్ చేసుకుంటుంది.

కరీంనగర్_బిల్డర్:
ఏంది భాయ్, ఆ స్టిక్ కొనుమంటున్నవా? డబ్బా మీద 4కె అని రాసుంటది, లోపల యూఎస్‌బీ 2.0, అంటే స్పీడు 480 ఎంబీపీఎస్. కంప్రెస్ చెయ్యని 1080పీ 60కి దానికి నాలుగింతలు, దగ్గర దగ్గర 2 జీబీపీఎస్ గావాలె. అందుకే ఒక్కో ఫ్రేమ్‌ను జేపెగ్ లెక్క నొక్కి పంపుతది, చీకటి సీన్లల్ల అంతా గళ్లు గళ్లే. పీఎస్5 సొంత రికార్డింగ్ల మైకు, గేమ్ సౌండు ఒక్క ట్రాక్‌లనే కలిసిపోతయ్, గొంతు పెంచుదామంటే పేలుళ్లు గూడ పెరుగుతయ్.

సైలెంట్_మోడ్:
ముందు పీఎస్5 సెట్టింగ్స్‌లో సిస్టమ్, హెచ్‌డీఎంఐకి పోయి హెచ్‌డీసీపీ అనే కాపీ రక్షణ ఆపు తమ్ముడూ. లేకపోతే ఏ క్యాప్చర్ కార్డు పెట్టినా నల్ల స్క్రీనే.

గోదారి_గేమర్:
సరే, స్టిక్ సంగతి వదిలేయండి. యూఎస్‌బీ 3.0 ఎక్స్‌టర్నల్ కార్డు తీసుకుంటాడు, 4కె పాస్‌త్రూ, అంటే వీడియోని అలాగే టీవీకి పంపేది ఉన్నదైతే టీవీలో 4కె ఆడుకుంటూ 1080పీ రికార్డ్ చేసుకుంటాడు. 4060 ఎందుకు మధ్యలో?

కరీంనగర్_బిల్డర్:
వదిలేయుడేంది, చెప్పింది నువ్వేగా. ఎడిటింగ్ ఎవరు జేస్తరు? 50 ఎంబీపీఎస్ బిట్‌రేట్‌ల గంట ఫుటేజ్ అంటే 22 జీబీ, దానికి పీసీ గావాలె.

గోదారి_గేమర్:
అతను అడిగింది రికార్డింగ్. పీసీలు కట్టివ్వడం మీ వ్యాపారం కాబట్టి అన్నీ అటే తిప్పుతున్నారు.

కరీంనగర్_బిల్డర్:
మాటలు జర చూసుకో. ఈడ ఎవ్వని దగ్గర ఒక్క రూపాయి తీస్కున్ననో చూపెట్టు. నేను గిట్లనే చౌక సామానుతోని మొదలువెట్టిన. కామెంట్లన్నీ మసక ఉంది, ఆడియో వెనుకవడ్తుంది అనే, గేమ్ గురించి ఒక్కడు మాట్లాడలే. యాష్టకొచ్చి చానల్ బంద్ వెట్టిన.

గోదారి_గేమర్:
నాది ఇంకో కథ. ఇలాంటి చర్చలోనే ఒకాయన చేస్తే సరిగ్గా చెయ్ అని ఎగదోసి నా చేత ఈఎంఐ మీద పీసీ కొనిపించాడు, తీరా మైకు ముందు కూర్చుంటే నోరు పెగల్లేదు. ఇప్పుడు దాంట్లో మా చెల్లి టాలీ నేర్చుకుంటోంది, వాయిదాలు మాత్రం నాన్న జీతంలోంచి పోతున్నాయి. నా గొడవ బిట్‌రేట్ గురించి కాదండీ, ఇతనికి మాట్లాడటం వచ్చో రాదో తెలియకుండా ఇంట్లోవాళ్ల డబ్బు పెట్టించొద్దని.

కరీంనగర్_బిల్డర్:
సామాను సక్కగ లేకుంటే నాలుగు వీడియోలకే మనసిరిగి మానేస్తడు. అప్పుడు మాట్లాడొచ్చో రాదో ఎట్ల తెలుస్తది?

సైలెంట్_మోడ్:
ఎంపీ4లో కాదు, ఎంకేవీలో రికార్డ్ చెయ్. ల్యాప్‌టాప్ హ్యాంగయినా అప్పటిదాకా అయింది మిగుల్తుంది, తర్వాత ఓబీఎస్‌లోనే రీమక్స్ కొట్టి ఎంపీ4గా మార్చుకోవచ్చు.

నెల్లూరు_కుర్రోడు:
అన్నా, ల్యాప్‌టాప్‌కి యూఎస్‌బీ 3.0 పోర్టు ఒకటే ఉంది. కార్డు దానికి పెడితే హార్డ్‌డిస్క్ ఎక్కడ పెట్టాలి?

గోదారి_గేమర్:
కార్డే పెట్టు. రికార్డింగ్ లోపలి ఎస్‌ఎస్‌డీలోకి, అయిపోయాక డిస్క్‌కి కాపీ.

కరీంనగర్_బిల్డర్:
గందుకే పీసీ అన్న.