నాయనమ్మ వెండి కంటె, కరీంనగర్ కమ్మలు, పోచంపల్లి పట్టు: అన్నీ కలిపి వేసుకోవచ్చా?

హన్మకొండ లెక్చరర్:

వచ్చే నెల మా తమ్ముడి రిసెప్షన్. చీర ముందే తీసుకున్నాను. ముదురు ఆకుపచ్చ పోచంపల్లి పట్టు, ఒళ్లంతా ఇక్కత్ పని, మెరూన్ అంచు. ఈసారి బంగారం వద్దనుకున్నాను. నా దగ్గరున్న చేతిపని నగలంటేనే నాకు ప్రాణం.

మొదటిది మా నాయనమ్మ వెండి కంటె, మెడ చుట్టూ వేసుకునే గట్టి కడ్డీ. నాట్లేసేటప్పుడు కూడా మెడలోంచి తీసేది కాదట. మెడ వెనక ఆనే చోట గీతలన్నీ అరిగిపోయి, గాజులా నున్నగా ఉంటుంది. రెండోది కరీంనగర్ ఫిలిగ్రీ కమ్మలు, అంటే సన్నటి వెండి తీగతో అల్లినవి, అదే పనిలో ఒక లాకెట్. మూడోది ఆదిలాబాద్ డోక్రా లాకెట్, అచ్చులో పోత పోసిన ఇత్తడిది, బాగా బరువు.

పోయిన ఏడు సద్దుల బతుకమ్మకు ఇవన్నీ ఒకేసారి వేసుకున్నాను. జాకెట్ బోట్ నెక్, భుజం నుంచి భుజానికి అడ్డంగా పైకి ఉండే మెడ. కంటె బట్ట మీద నిలవక, వంగి చప్పట్లు కొట్టిన ప్రతిసారీ పైకి లేచి గదవకు తగిలింది. కమ్మ నెట్ చున్నీకి చిక్కుకుని ఒక తీగ పైకి లేచింది. ఫొటోల్లో చూస్తే దేని అందమూ కనబడలేదు. నగలమ్మే కొట్టు ముందు నిలబడ్డట్టు ఉన్నాను. ఆ రాత్రి నిజంగా ఏడుపొచ్చింది. అన్నీ అంత ఇష్టపడి దాచుకున్నవి మరి.

రిసెప్షన్‌కు ఏది వేసుకోవాలి, ఏది ఇంట్లో ఉంచాలి? జాకెట్ ఇంకా కుట్టించలేదు.

కాజీపేట టైలరక్క:

చెల్లె, జాకెట్ ఇంకా కుట్టించలేదన్నావు చూడు, అదే నీ అదృష్టం. ఇరవై రెండేళ్లుగా కుడుతున్నాను. నా దగ్గరికొచ్చే వాళ్లలో చాలామంది ముందు జాకెట్ కుట్టించుకుని, తర్వాత దానికి నగ వెతుక్కుంటారు. కంటె ఉన్నవాళ్లు మాత్రం అట్లా చేయొద్దు. కంటె గొలుసులా ఒంటికి తగ్గట్టు వంగదు. అది ఎట్లా ఉంటే మనమే అట్లా సర్దుకోవాలి.

బోట్ నెక్ అంచు ఎక్కడ ఆగుతుంది? సరిగ్గా కంటె కూర్చునే ఎముక మీదే. అక్కడ బట్ట రెండు మడతలు, లోపల కాన్వాస్ పెడితే మూడు. ఆ గట్టు మీద కంటె ఎట్లా నిలుస్తుంది? నీ తప్పేం లేదు, కంటె తప్పూ కాదు. ఆ మెడ దానికి పనికిరాదు, అంతే.

కొలతలకు పోయేటప్పుడు కంటె మెడలో వేసుకునే పో. నిటారుగా నిలబడు, తర్వాత బతుకమ్మ ఆడినట్టు వంగు. వంగినప్పుడు కంటె ఎంత దూరం జారుతుందో అక్కడ సుద్దతో గీత పెట్టించు. ఆ గీతకు రెండు వేళ్ల కింద మెడ అంచు రావాలి. అప్పుడు కంటె చుట్టూ ఒళ్లే కనబడుతుంది, బట్ట దానికి అడ్డం రాదు. వీపు వైపు డోరీలు, కుచ్చులు పెట్టించకు. కంటె కొనల్లో ఇరుక్కుంటాయి, రాత్రి విప్పేటప్పుడు ప్రాణం మీదికొస్తుంది.

జాకెట్ గుడ్డ మెరూన్ రంగు సాదా పట్టు తీసుకో. మగ్గం వర్క్ వద్దు. వర్క్ చేయిస్తే మాకు నాలుగు రూపాయలు ఎక్కువొస్తాయి, అయినా వద్దనే చెప్తున్నా. మీ నాయనమ్మ మెడలో అరిగిన వెండి పక్కన కొత్త జర్దోసీ మెరిస్తే వెండి పాతబడ్డట్టు కనిపిస్తుంది. సాదా మెరూన్ మీదైతే ఆ అరుగుదలే అందం.

ఇక ఫిలిగ్రీ. లాకెట్‌ను ఆ చీర మీద పెట్టి నాలుగడుగులు వెనక్కి నడిచి చూడు, కనబడదు. ఫిలిగ్రీ అంటే సగం ఖాళీయే కదా, ఆ సందుల్లోంచి వెనకున్న బట్ట రంగు కనిపిస్తుంది. ఇక్కత్‌లో నేయకముందే దారానికి ముడులేసి రంగులద్దుతారు, అందుకే బొమ్మ అంచులు కొంచెం చెదిరినట్టుంటాయి. చెదిరిన ఆ అంచుల మీద సన్నటి తీగ పని కలిసిపోతుంది. అదే పని చెవికుంటే వెనక నల్లటి జుట్టు ఉంటుంది, ఒక్కో తీగా లెక్కపెట్టొచ్చు. అందుకే కమ్మలు ఉంచు, లాకెట్ వద్దు. జుట్టు మొత్తం పైకెత్తి కొప్పు పెట్టకు, చెవుల వెనకకు కాస్త జారనీ.

కంటె, కమ్మలు, చేతులకు మట్టి గాజులు. డోక్రా గురించి ఇంకెవరైనా చెప్పాలి, నాకు దాని సంగతి తెలియదు.

కరీంనగర్ ఆడబిడ్డ:

మా పుట్టింట్లో ఫిలిగ్రీ పనే చేస్తారు. అక్క చెప్పినదాంట్లో ఒక్కటి మాత్రం నేను ఒప్పుకోను, అది తర్వాత చెప్తాను.

ముందు ఆ లేచిన తీగ సంగతి. గోరుతో నొక్కకండి, ఫెవిక్విక్ అసలే పెట్టకండి. వెండిని రంధ్రాల పలకలోంచి లాగి లాగి వెంట్రుకంత సన్నగా చేస్తారు. రెండు పోగులు కలిపి మెలేసి, ఆ మెలికను చదును చేస్తారు. దగ్గర పెట్టి చూస్తే దాని అంచున సన్నటి పళ్లలా గరుకు కనబడుతుంది. కమ్మ కదిలినప్పుడు వెలుగు పడి తళుక్కుమనేది ఆ గరుకు వల్లే, మీ చున్నీ చిక్కుకున్నదీ దానికే. లేచిన తీగను పనివాళ్లు వెలిగారం పెట్టి మళ్లీ అతుకుతారు, జాడ కూడా తెలియదు. చేసిన వాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి.

చీర కట్టి, పిన్నులన్నీ పెట్టి, సెంట్ కొట్టుకున్నాకే కమ్మలు పెట్టుకోండి. ఇంటికి రాగానే ముందు అవే తీయండి. నల్లబడితే కుంకుడు నురుగులో మెత్తటి బ్రష్‌తో మెల్లగా కడగండి. పేస్టుతో రుద్దితే తీగలు వంగుతాయి.

ఇప్పుడు లాకెట్. ఇంట్లో ఎందుకు పెట్టాలి? మెడలో వద్దు గానీ, వెనక పిన్ను అతికిస్తే బ్రోచ్ అవుతుంది. భుజం మీద కుచ్చిళ్లు మడిచే చోట, సాదా మెరూన్ అంచు పైకి వస్తుంది కదా, సరిగ్గా అక్కడ పెట్టుకోండి. 2007లో మా ఫిలిగ్రీకి జీఐ, అంటే ఇది ఈ ఊరి పనే అనే భౌగోళిక గుర్తింపు, వచ్చినప్పుడు కూడా కొనేవాళ్లు ఎక్కువగా పళ్లేలు, అత్తరుదాన్లే అడిగేవాళ్లు. 2023లో ఢిల్లీ జీ-20 సదస్సుకు కరీంనగర్ నుంచి ఫిలిగ్రీ బ్యాడ్జీలు వెళ్లాయి. మా వాళ్లు చేసే పని ఒంటి మీద కనబడితే వాళ్లకు ఎంత సంబురమో మాటల్లో చెప్పలేను.

ఉట్నూరు మాస్టారు:

మేడమ్ గారూ, డోక్రాను పట్టుచీర మీదికి తేవద్దని నా మనవి. మా ఆసిఫాబాద్ వైపు ఉషేగాం, కేస్లాగూడ ఊళ్లలో ఓజా తెగవాళ్లు చేస్తారు. మట్టి ముద్ద మీద మైనపు పోగులు చుట్టి, పైన మళ్లీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగిపోయిన ఖాళీలో ఇత్తడి పోస్తారు. చివరికి అచ్చు పగలగొట్టాల్సిందే, అందుకే మీ లాకెట్ లాంటిది ఇంకొకటి ఉండదు. మా ఆవిడ దాన్ని నీలిమందు రంగు సాదా నూలు కుర్తా మీద, లావు నల్ల దారానికి కట్టి, ఛాతీ కిందికి దిగేలా వేసుకుంటుంది. మెడలో ఇంకేమీ ఉండదు. మీరు కాలేజీకి వేసుకోండి. చెమట తగిలి పచ్చబడితే చింతపండు చాలు.

హన్మకొండ లెక్చరర్:

అక్కా, నిన్న కంటె మెడలో వేసుకునే టైలర్ దగ్గరికి వెళ్లాను. బస్సులో ఇద్దరు ముసలమ్మలు ముట్టుకుని చూసి, ఎన్ని తులాలని అడిగారు. మీరు చెప్పినట్టే వంగి చూపించి సుద్ద గీత పెట్టించాను. నేననుకున్న దానికంటే మెడ చాలా కిందికి వచ్చింది. ఇంత లోతు నాకు బాగుంటుందా అని కాస్త టెన్షన్ పడ్డాను.

ఇంటికొచ్చి అమ్మకు చెప్తే బీరువాలోంచి నాయనమ్మ పాత ఫొటో తీసింది. నూలు చీర, చేతికుట్టు రవిక, మెడలో ఇదే కంటె. రవిక అంచు కంటెకు సరిగ్గా రెండు వేళ్ల కిందే ఉంది.

మెరూన్ పట్టు తీసుకున్నాను. డోక్రా సోమవారం కాలేజీకి. కమ్మ బాగు చేయించడానికి ఆదివారం కరీంనగర్ వెళ్తున్నాను, లాకెట్ కూడా సంచిలో పెట్టుకున్నాను. పిన్ను అతికించమని అడుగుతాను.