లైట్‌హౌస్ రిపోర్టు చూపించి సైట్ వేగంగా ఉందని క్లయింట్‌కు చెప్పొచ్చా?

హన్మకొండ_వెబ్:
ఎనుమాముల మార్కెట్‌లో ఒక అడ్తిదారుకు మిర్చి ధరల సైట్ చేసి ఇచ్చాను. తేజ, వండర్ హాట్, చపాట రకాలకు ఆ రోజు ధరలు, పైన యార్డు ఫోటో, అంతే. లైట్‌హౌస్ అంటే పేజీ వేగం వగైరా పరీక్షించి వందకు మార్కులిచ్చే గూగుల్ సాధనం. క్రోమ్‌లో ఆ రిపోర్టు చూపించే ప్లగిన్ వేసుకుని డెస్క్‌టాప్ మోడ్‌లో చూస్తే 95 వచ్చింది. ప్రింటు తీసి ఆయనకిచ్చాను. ఏటూరునాగారం వైపు రైతులేమో పేజీ తెరుచుకోవట్లేదని ఫోన్లు చేస్తున్నారట. "మరి ఈ 95 దేనికి బాబూ?" అన్నారాయన. రెండు రోజులుగా టెన్షన్. ఇలాంటి రిపోర్టు చూపించడం తప్పేనా?

కాజీపేట_కోడర్:
రిపోర్టు తప్పు కాదు తమ్ముడూ, నువ్వు ఎంచుకున్న మోడ్ తప్పు. ధరలు చూసేది ఫోన్లలో కదా! మొబైల్ మోడ్‌లో లైట్‌హౌస్ నెట్ వేగాన్ని సెకనుకు 1.6 మెగాబిట్లుగా లెక్కేస్తుంది, ప్రాసెసర్‌ను 4 రెట్లు నెమ్మదిగా ఊహిస్తుంది. పైగా దానికి ప్లగిన్ కూడా అక్కర్లేదు, ఎఫ్12 నొక్కితే డెవ్‌టూల్స్‌లోనే (క్రోమ్‌లో డెవలపర్ల కోసం ఉండే ప్యానెల్) ఉంటుంది. ఇన్‌కాగ్నిటో విండోలో నడుపు, అక్కడ మామూలుగా ఎక్స్‌టెన్షన్లు (ప్లగిన్లు) నడవవు. మామూలు విండోలోనైతే యాడ్ బ్లాకర్ లాంటివి కూడా పేజీలో పని చేస్తూ స్కోరును మార్చేస్తాయి.

హన్మకొండ_వెబ్:
చూశానన్నా. 61. యార్డు ఫోటో ఒక్కటే 1 ఎంబీ ఉంది. ఆ వేగంలో అది రావడానికే దాదాపు 5 సెకన్లు! పేజీలో పెద్ద భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలంటారు కదా.

ములుగు_రోడ్:
నేను ఒప్పుకోను. 95 ఎంత ఊహో 61 కూడా అంతే ఊహ. మా దగ్గర అడవి దాటేటప్పుడు సిగ్నల్ వస్తుంది, పోతుంది. మేడారం జాతర రోజుల్లోనైతే టవర్ ఉన్నా లైన్ కదలదు. దాన్ని ల్యాప్‌టాప్‌లో ఎవరు లెక్కగడతారు? ఇంకోటి, రైతు రకం పేరు నొక్కితే ధర ఎంతసేపటికి వస్తుందన్నది పేజీ లోడ్ అయ్యే పరీక్షలో తేలదు. దాన్ని కొలిచే ఐఎన్‌పీ అనే కొలత 2024 మార్చిలో కోర్ వెబ్ వైటల్స్‌లోకి (పేజీ వాడేవాళ్లకు ఎలా ఉందో చెప్పే గూగుల్ ముఖ్య కొలతలు) వచ్చింది, 200 మిల్లీసెకన్లలోపు ఉండాలి. మనిషి నొక్కితేనే ఆ లెక్క. నిజంగా వాడేవాళ్ల క్రోమ్ నుంచి 28 రోజుల డేటా పేజ్‌స్పీడ్ ఇన్‌సైట్స్ అనే గూగుల్ సైట్‌లో కనిపిస్తుంది, అది చూపించండి.

కాజీపేట_కోడర్:
అన్నా, మీ బాధ అర్థమవుతోంది. కానీ ఆ డేటా రావాలంటే సైట్‌కు చాలామంది రావాలి. ఒక అడ్తి సైట్‌కు అక్కడ ఖాళీ కనిపిస్తుంది. ఖాళీ చూపించి తమ్ముడు ఏం చెప్తాడు? 1 ఎంబీ ఫోటో అడ్డమని చెప్పింది ఆ 61 రిపోర్టే కదా. ఎక్కడ బరువుందో చూపించేది ఇలా మన కంప్యూటర్‌లో ఊహించి చేసే ల్యాబ్ పరీక్షే. దాన్ని కాదంటే చీకట్లో వెతికినట్టే.

ములుగు_రోడ్:
బరువు వెతకడానికి వాడుకోండి, ఎవరొద్దన్నారు? "వేగంగా ఉంది" అని ప్రింటు తీసి ఇవ్వకండి అంటున్నా. డేటా ఖాళీగా ఉంటే వెబ్-వైటల్స్ అనే చిన్న జావాస్క్రిప్ట్ లైబ్రరీ ఉంది, సైట్‌లో పెడితే వచ్చినవాళ్ల లెక్కలు తీస్తుంది, వాటిని మీకే వచ్చేలా పెట్టుకోవచ్చు. యాభై మంది రైతులు చాలు.

హన్మకొండ_వెబ్:
ఫోటోను వెబ్‌పీ అనే తేలికైన ఫార్మాట్‌లోకి మార్చి 60 కేబీకి తెచ్చాను. ధరల పట్టిక ముందు వచ్చేలా పెట్టాను. లైబ్రరీ ఈ రాత్రికి కలుపుతా. ఆ ప్రింటు మాత్రం ఆయన దగ్గర్నుంచి వెనక్కి తీసుకున్నా. ఆదివారం ఏటూరునాగారం వెళ్లి, ఫోన్ చేసిన రైతు ఫోన్‌లోనే పేజీ తెరిచి చూస్తా. ఎన్ని సెకన్లు పట్టిందో వచ్చి ఇక్కడే రాస్తాను.