ఇల్లు మారేటప్పుడు ప్యాకర్స్ కంపెనీకి అప్పగించడం మేలా, సొంతంగా లారీ మాట్లాడుకోవడం మేలా?

మధురవాడ ప్రయాణం

మియాపూర్‌లో మూడో అంతస్తు నుంచి విశాఖపట్నం మధురవాడలో అయిదో అంతస్తుకు మారుతున్నాం. రెండు పడక గదుల సామాను. ఇక్కడ లిఫ్టు లేదు, అక్కడ ఉంది. ఆషాఢం వస్తే మా అత్తగారు ఇల్లు కదలనివ్వరు, అందుకని జ్యేష్ఠం వెళ్లేలోగా పాలు పొంగించాలి.

ఒక వెబ్‌సైటులో నా ఫోను నంబరు ఇచ్చాను. పది నిమిషాల్లో పదకొండు మంది ఫోను చేశారు. ఒకరు 24 వేలన్నారు, ఇంకొకరు 47 వేలన్నారు. అదే సామాను, అదే దూరం. ఇంత తేడా ఎందుకని అడిగితే ఒక్కరూ సరిగా చెప్పలేదు. మా తమ్ముడేమో డీసీఎం వ్యాను మాట్లాడుకుని నలుగురు హమాలీలను పెట్టుకుంటే 30 వేలలో అయిపోతుంది, కంపెనీలన్నీ మోసమే అంటున్నాడు. అమ్మ నాకిచ్చిన టేకు బీరువా ఒకటుంది, తలుపుకు నిలువుటద్దం. అది పగలకుండా చేరాలన్నదే నా బెంగ. అనుభవం ఉన్నవారు చెప్పండి.

ఉప్పల్ ఇల్లాలు

మీ తమ్ముడి మాట వినండమ్మా. పన్నెండేళ్లలో అయిదు ఇళ్లు మారాం. మొదటిసారి మాత్రమే కంపెనీని పిలిచాం. వచ్చిన కుర్రవాళ్లు గంటన్నరలో వంటిల్లు మొత్తం డబ్బాల్లో కుక్కేశారు. ఏ డబ్బాలో ఏముందో ఒక్కదాని మీదా రాయలేదు. మా అత్తగారి కాలం నాటి ఆవకాయ జాడీకి బుడగల కవరు నాలుగు చుట్లు చుట్టి, పట్టు చీరల అట్టపెట్టెలో పడుకోబెట్టారు. జాడీకి చిన్న గీత కూడా పడలేదు. నూనె మాత్రం మూత సందులోంచి కారి ఏడు చీరల మడతల్లోకి దిగింది. మంచి చుట్టుడు వేరు, ఆ వస్తువు ఏమిటో తెలిసి సర్దడం వేరు.

అప్పటి నుంచి సర్దుకోవడం నా పనే. కిరాణా కొట్టులో అట్టపెట్టెలు అడిగి తెచ్చుకుంటాను. గాజు సామాను పాత చీరల్లో చుడతాను. పప్పుల డబ్బాల మూతలకు టేపు వేస్తాను. జాడీలు, దేవుడి మందిరం మాతోపాటే కారులో వస్తాయి. లారీవాడు మోసే పని ఒక్కటే చేస్తాడు. ఇంతవరకు ఒక్క గ్లాసు పోలేదు.

బదిలీల ఉద్యోగి

ఉప్పల్ అమ్మగారి సర్దుడు నాకూ నచ్చింది. కానీ ఆవిడ మారిన అయిదు ఇళ్లూ ఒకే ఊళ్లోవి అయి ఉంటాయని నా అనుమానం. ఉప్పల్ నుంచి నాచారం వెళ్లడం వేరు, ఆరు వందల కిలోమీటర్లు దాటి విశాఖ వెళ్లడం వేరు. బ్యాంకు ఉద్యోగంలో ఎనిమిది బదిలీలు చూశాను.

సొంతంగా వ్యాను మాట్లాడుకుంటే రాష్ట్రం దాటే పర్మిట్ ఆ బండికి ఉందో లేదో మీరే చూసుకోవాలి. సూర్యాపేట దాటాక బండి ఆగిపోతే ఇంకో బండి వెతకడం మీ పని. అది బోల్తాపడితే? బండి యజమానికి బీమా ఉంటే ఆ బీమా బండికి, ఎదుటివారికి. మీ బీరువాకు కాదు. పది వేలు మిగిలాయని సంతోషించే ముందు ఈ ఒక్క సంగతి ఆలోచించండి.

ఒక భయం మాత్రం వదిలేయండి. వాడిన ఇంటి సామానుకు ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు జీఎస్టీ కింద ఆన్‌లైన్‌లో తీసుకునే పత్రం) అక్కర్లేదు. దాని పేరు చెప్పి డబ్బు అడిగేవారు ఎవరైనా సరే, ఇవ్వకండి.

గాజువాక కొత్త కాపురం

నేను 24 వేల రకం కొటేషన్‌కు ఒప్పుకున్నవాడిని. హైదరాబాద్‌లో బాగా పేరున్న ఒక కంపెనీ పేరుకు వెనకాల చిన్న మాట తగిలించుకున్న సంస్థ అది. ఆ పెద్ద కంపెనీయే అనుకుని ఎనిమిది వేలు అడ్వాన్సు పంపాను. ఇంటికి వచ్చి సామాను చూసినవారు లేరు, ఫోనులో అడిగి రాసుకున్నారంతే. ఎక్కించుకున్న లారీ ఒకటి, అయిదో రోజున గాజువాక వచ్చినది వేరొకటి. మధ్యలో ఎక్కడో గోదాములో దించి, మరి ముగ్గురి సామానుతో కలిపి ఎక్కించారట.

ఇంటి ముందు లారీ ఆగింది. డ్రైవరు దిగలేదు. సామాను చెప్పినదానికంటే ఎక్కువ ఉంది, ఇంకా 19 వేలు వేస్తేనే తలుపు తీస్తానన్నాడు. కంపెనీకి ఫోను చేస్తే ఎత్తలేదు. నా భార్య అప్పుడు ఏడో నెల గర్భిణి, పరుపు కూడా ఆ లారీలోనే ఉంది. మెట్ల మీద కూర్చుని ఉన్న ఆమెను చూసి డబ్బు పంపేశాను. వాషింగ్ మెషీన్ పైకి తెచ్చి ఆన్ చేస్తే గది అదిరింది. తరవాత వచ్చిన మెకానిక్ చెప్పాడు, ముందు తలుపు ఉండే మెషీన్‌ను తరలించేటప్పుడు వెనక, డ్రమ్ము కదలకుండా పట్టి ఉంచే ట్రాన్సిట్ బోల్టులు మళ్లీ బిగించాలట. మా బోల్టులు వంటింటి అరలోనే ఉన్నాయి. ఎవరూ అడగలేదు, నాకు తెలియదు.

అందుకే కంపెనీ అనగానే నాకు ఒళ్లు మండుతుంది.

పాత సూపర్‌వైజర్

తొమ్మిదేళ్లు ఈ పనిలోనే ఉన్నాను, ఇప్పుడు మానేశాను. కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

అమ్మా, మీకు ఫోను చేసిన పదకొండు మందిలో ఎక్కువ మందికి సొంత లారీ లేదు, సొంత మనుషులూ ఉండకపోవచ్చు. మీ నంబరు కొనుక్కుని, పని పట్టుకుని, ఇంకొకరికి అమ్ముతారు. 24 వేలలో మధ్యవాడి వాటా పోగా లారీకి మిగిలేది చాలదు, ఆ లోటును మీ కొత్త ఇంటి ముందు పూడ్చుకుంటారు. గాజువాక తమ్ముడికి జరిగింది అదే. కనుక మొదటి ప్రశ్న ధర గురించి కాదు. లారీ ఎవరిది, ఎక్కించేవాళ్లు ఎవరి మనుషులు, దారిలో సామాను మరో బండిలోకి మారుతుందా, ఇవి అడగండి. ఎవరినైనా సరే ఇంటికి పిలిచి మంచం కింద, అటక మీద కూడా చూపించండి. చూడకుండా ధర చెప్పేవాడితో పని పెట్టుకోవద్దు.

జీఎస్టీ నంబరు అడిగి ప్రభుత్వ పోర్టల్‌లో వేసి చూడండి. తెలంగాణలో నమోదైన సంస్థ నంబరు 36తో మొదలవుతుంది, ఆంధ్రప్రదేశ్‌ది 37తో. అక్కడ కనిపించే పేరు, మీ కొటేషన్ మీది పేరు ఒకటే కావాలి. తోక పేర్ల సంగతి అక్కడే బయటపడుతుంది.

ఇక బీమా. సామాను విలువ మీద 3 శాతం అడగడం మామూలు. ఆ డబ్బుకు బీమా కంపెనీ పాలసీ కాగితం ఇస్తారా, లేక బిల్లులోనే 'రిస్కు' అని ఒక గీత రాసి ఊరుకుంటారా? రెండోది బీమా కాదు, వాళ్ల నోటిమాట. పాలసీ ఇచ్చినా సామాను జాబితాలో లేని వస్తువుకు పైసా రాదు. 'బీరువా 1' అని రాయనివ్వకండి. 'టేకు బీరువా, తలుపుకు నిలువుటద్దం, పగుళ్లు లేవు' అని రాయించి, విలువ వేయించి, ఫోటో తీసి పెట్టుకోండి.

చట్టం కూడా ఉంది. 2007 నాటి రోడ్డు రవాణా చట్టం ప్రకారం రవాణాదారు నమోదు చేసుకోవాలి. ఏజెంటు, బ్రోకరు కూడా ఆ నిర్వచనంలోకే వస్తారు, 'నేను బుకింగ్ మాత్రమే చేశాను' అంటే చెల్లదు. 'ఎక్కువ రిస్కు రేటు', అంటే ఎక్కువ బాధ్యత తీసుకోవడానికి వాళ్లు అడిగే అదనపు కిరాయి, కట్టకపోతే వాళ్ల బాధ్యత కిరాయికి పది రెట్ల దగ్గర ఆగిపోతుంది, అదీ మీరు రాయించిన విలువకు మించకుండా. కనుక లారీ రసీదులో కిరాయి అంకె ఎంత వేశారో చూసుకోండి. నష్టం జరిగితే బుక్ చేసిన రోజు నుంచి 180 రోజుల్లోపు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. చాలామంది ఫోనులో గొడవపడుతూ ఆ గడువు దాటించేస్తారు.

ఉప్పల్ ఇల్లాలు

సూపర్‌వైజర్ గారూ, మీరు చెప్పినవన్నీ విలువైన మాటలే. కానీ ఇన్ని కాగితాలు చదివి, ఇన్ని నంబర్లు సరిచూసుకోవాల్సి వస్తే కంపెనీకి ఇచ్చి నిశ్చింతగా ఉన్నట్టు ఎలా అవుతుంది? కంపెనీకి ఇచ్చే ఆ అదనపు డబ్బు దేనికి?

ఇంకొక మాట. లిఫ్టు లేని మూడో అంతస్తు. ఫ్రిజ్‌ను తాడుతో నడుముకు కట్టుకుని, ముందువాడు వెనక్కి వెనక్కి మెట్టు దిగుతుంటే వెనకవాడు బరువంతా భుజాన ఆపుతాడు. మలుపు దగ్గర అతని మెడ నరాలు తేలడం చూశాను. కంపెనీ మన దగ్గర అంతస్తుకు ఇంతని వసూలు చేస్తుంది. అతనికి ఎంత ముడుతుందని అడిగితే ఆ కుర్రవాడు నవ్వి ఊరుకున్నాడు. నేను మాట్లాడుకున్న హమాలీల డబ్బు నేనే వాళ్ల చేతికి ఇస్తాను. మధ్యలో మజ్జిగ ఇస్తాను, కూర్చోమంటాను. వాళ్లు నా సామాను జాగ్రత్తగా మోస్తారు.

పాత సూపర్‌వైజర్

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదమ్మా. అంతస్తుల చార్జీ మోసినవాళ్లకు పూర్తిగా చేరదు. నేను పనిచేసిన చోట చేరలేదు. మానేయడానికి అదీ ఒక కారణం.

కానీ మధురవాడలో ఆమె ఎక్కడి హమాలీలను వెతుకుతుంది? తెల్లవారుజామున లారీ చేరితే అక్కడ ఎవరు దించుతారు? ఊళ్లో మారేవారికి మీ పద్ధతే మేలు, ఒప్పుకుంటాను. ఊరు దాటితే మాత్రం రెండు చివరలా మనిషి ఉన్న సంస్థే కావాలి.

బదిలీల ఉద్యోగి

గాజువాక తమ్ముడూ, ఇంకా రెండేళ్లు కాలేదుగా? మీరు ఉంటున్న జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు చేయవచ్చు, వాళ్ల ఊరికి వెళ్లనక్కరలేదు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు ఉంటే ఫీజు కూడా లేదు. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేయండి. ఆ 19 వేలు పంపిన రుజువు దాచారా?

గాజువాక కొత్త కాపురం

ఉందండీ. డ్రైవరు సొంత నంబరుకు పంపాను, ఆ వివరాలన్నీ ఫోనులో ఉన్నాయి. పదమూడు నెలలయింది. రేపు ఉదయమే ఫోను చేస్తాను.

మధురవాడ ప్రయాణం

అందరికీ నమస్కారం. నిన్న, ఈరోజు కూర్చుని పదకొండు మందినీ జీఎస్టీ నంబరు అడిగాను. ఏడుగురు ఇవ్వలేదు. ఇచ్చిన నలుగురిలో ఒకరి పేరు కలవలేదు. మిగిలిన ముగ్గురిలో ఒకరు మాత్రం అడగకుండానే సర్వేకు మనిషిని పంపుతామన్నారు. శనివారం వస్తున్నారు. 38 వేలు చెప్పారు. మిగతా డబ్బు సామాను దించాకే ఇస్తానని రాయించుకుంటాను.

వంటిల్లు నేనే సర్దుకుంటానని చెప్పాను, రెండు వేలు తగ్గించారు. మెట్ల మీద మోసేవాళ్లకు విడిగా నా చేత్తోనే ఇవ్వాలనుకుంటున్నాను, ఉప్పల్ అక్కా. తమ్ముడికి ఈ చర్చ చదివి వినిపించాను, ఇంకా ఒప్పుకోలేదు. అయినా అద్దం తలుపు ఊడదీసి విడిగా కట్టే పని తనదేనన్నాడు. బీరువాకు కీలుకు మూడేసి మరలు, పాత ఇత్తడివి. అవి పోకుండా ఒక పసుపు డబ్బాలో వేసి పెట్టాను.