అప్‌డేట్: బస్సు ప్రయాణపు వికారానికీ, తలనొప్పికీ ఆక్యుప్రెషర్

అమలాపురం నుంచి కాకినాడకు బస్సులో వెళ్ళేటప్పుడు మా అమ్మగారికి కలిగే వికారానికీ, సాయంత్రం వేళ నాకు వచ్చే తలనొప్పికీ ఇంట్లోనే ఆక్యుప్రెషర్ (ఒంటిమీది కొన్ని బిందువులను వేళ్ళతో నొక్కే పద్ధతి) చేసుకోవచ్చా అని లోగడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

వికారం చాలావరకు తగ్గింది. మణికట్టు లోపలి వైపు ముడత నుంచి మోచేతి వైపు మూడు వేళ్ళ వెడల్పు కొలిచి, పిడికిలి బిగించినప్పుడు తాళ్ళలా పైకి తేలే రెండు కండరబంధనాల నడుమనున్న, ఆక్యుప్రెషర్‌లో పి6 అని పిలిచే బిందువును, బస్సు ఎదుర్లంక వంతెన చేరకముందే బొటనవేలితో రెండు మూడు నిమిషాలు నొక్కుకోవడం అమ్మగారికి అలవాటైంది. శస్త్రచికిత్స తరువాతి వాంతుల విషయంలో ఈ బిందువుకు పరిశోధనల మద్దతు ఉన్నది గాని, ప్రయాణపు వికారం విషయంలో ఫలితాలు ఒక్క తీరుగా లేవు. కనుక ముందు సీటులో, కిటికీ పక్కన కూర్చోవడం వల్లనే సగం మేలు కలిగిందేమోనన్న అనుమానం నాకు పోలేదు. అమ్మగారు మాత్రం ఈ మాట ఒప్పుకోరు.

తలనొప్పికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్యనున్న కండను నొక్కితే కాసేపు ఊరట కలిగేది, అంతే. కంటి పరీక్ష చేయించుకుని కళ్ళద్దాలు మార్చాకే అది నిలకడగా తగ్గింది. గర్భిణులు ఆ బిందువును నొక్కరాదని సంప్రదాయ ఆక్యుప్రెషర్ బోధకులే హెచ్చరిస్తారు కనుక, నెలలు నిండుతున్న మా వదినగారిని దాని జోలికి వెళ్ళనివ్వలేదు.

మోకాలి కింది బిందువును కూడా కొందరు సూచించారు. అమ్మగారి కాళ్ళలో ఉబ్బిన సిరలు ఉన్నందున, వైద్యుణ్ణి అడిగేవరకు దానిని పక్కన పెట్టాము.